ఇంజను నుంచి తగ్గిన తుప్పు విషయమై

రేవుల శాఖ ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత లాంచీ ఇంజను పొట్టలో తమ స్టోరువారు పోయించిన ఇసుకను వెంటనే తీయించుట గురించి, తీసినందువల్ల తగ్గే బరువును మా మావయ్య దొంగిలించినట్టు రాయకుండుట గురించి.

నేను రేవు వెనక సందులో పంపులు, మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మా మేనమామ తమ శాఖలోనే లాంచీ డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. మేమిద్దరం తీరిక ఉన్నప్పుడు పాత పడవ ఇంజన్లు బాగుచేస్తాం. అవి ఎక్కడ తయారయ్యాయో, ఎవరెవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చాయో వెతుకుతాం. దీనివల్ల మాకు వచ్చేది ఏమీ లేదు. ఈ సంగతి మా ఆయన రోజూ గుర్తు చేస్తూనే ఉంటాడు కాబట్టి తమరు కూడా చెప్పనవసరం లేదు. ఇక మా ఫిర్యాదులు ఈ దిగువన విన్నవించుకొనుచున్నాను.

1. సదరు ఇంజను పాత దాటురేవు దగ్గర పూడిక తీస్తున్నప్పుడు, ఎప్పుడో మునిగిన లాంచీతో పాటు బయటపడింది. తమవారు దాన్ని క్రేనుతో లేపి యార్డు గేటు దగ్గరున్న తూకం మీద ఉన్నదున్నట్టు పెట్టారు. అప్పుడు దాని లోపల బురద, బయట గుల్లలు, ఒంటినిండా పొరలు పొరలుగా తుప్పు ఉన్నాయి. ఒక పీత కూడా ఉంది. ఇవన్నీ కలిపి వచ్చిన బరువును స్టోర్ కీపర్ గారు ఇంజను బరువుగా రాసుకున్నారు. బాగుచేయడానికి ఇంజను తీసుకుంటూ ఆ కాగితం మీద మా మావయ్య సంతకం చేశాడు. పీతను కూడా స్వాధీనం చేసుకున్నట్టే లెక్క అని మాకు అప్పట్లో తెలియదు.

2. ఇది ఆవిరి ఇంజను కాదు. ఇప్పుడు దీన్ని చూడ్డానికి పెట్టిన ప్రయాణికుల కొత్త హాలు ముందు తమవారు నిలిపిన బోర్డు మీద ఆవిరి ఇంజను అని రాసి ఉంది. పనివాళ్ళు దీన్ని గుండు ఇంజను అంటారు. సిలిండరు నెత్తిన ఇనప గుండు ఒకటి ఉంటుంది. దాన్ని బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి, పెద్ద చక్రాన్ని ఒక్క ఊపు ఊపితే, కాలిన గుండులో నూనె పడి ఇంజను అందుకుంటుంది. లాంచీని వెనక్కి నడపడానికి దీంట్లో గేరు లేదు. వేగాన్ని చచ్చేదాకా తగ్గించి, ఇక ఆగిపోతుందనగా నూనె ఒక్క తోపు తోస్తే చక్రం ఎదురు తిరుగుతుంది. ఆ అదును తప్పిందంటే లాంచీ పోయి గట్టును గుద్దుకుంటుంది. మా మావయ్య రెండుసార్లు గుద్దాడు. మూడోసారి కూడా గుద్దాడని మా అత్తయ్య అంటుంది.

మేము దీన్ని తీసుకున్నప్పుడు పిస్టను బిగుసుకుని ఉంది. కిరోసినూ గేరు నూనే కలిపి పోసి నానబెట్టి, చెక్క దిమ్మ పెట్టి తడుతూ వానాకాలమంతా గడిపాం. సుత్తితో గట్టిగా ఒక్కటి కొట్టి ఉంటే ఒక్క పూటలో ఊడేది, పగిలి. అది కదిలిన రోజు మావయ్య షెడ్డు బయటికి పోయి ముఖం కడుక్కుని వచ్చి, "ఇంకో వైపు కూడా నానబెట్టు," అన్నాడు.

చక్రం అంచున చెక్కిన నంబరు పట్టుకుని, ఈ ఇంజన్లు తయారైన దేశంలోని మ్యూజియానికి రాశాను. ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైందట. ఎవరో ఓపిక గల ఆవిడ పాత నక్షా వెతికి పంపింది. నక్షాలో సిలిండరు ఒకే పోత. మన సిలిండరుకు మాత్రం పక్కన అరచేయంత అతుకు ఉంది. పగులు పొడవునా రంధ్రాలు వేసి, రాగి మేకులు ఒకదాన్ని ఒకటి కొరికేట్టు బిగించి, పైన రేకును బట్టకు మాసిక వేసినట్టు కుట్టారు. ఇది ఎవరి పని అని మావయ్యను అడిగాను.

"కుంటి మేస్త్రీది. నేను చేరేసరికే పోయాడు. ఆయన పేరు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు," అన్నాడు.

ఆ అతుకుతోనే లాంచీ మునిగిందాకా నడిచింది. ఆ మేస్త్రీ ఈ లోకంలో ఉన్నాడనడానికి ఇంకే గుర్తూ మాకు దొరకలేదు.

ఇంజను బాగైనాక తమ యార్డులో, తమ సిబ్బంది ఎదుటే నడిపి చూపించాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగిపోయిందేమో అనిపించేంత ఎడం పెట్టి, నింపాదిగా నడిచింది. ఆఫీసంతా కుర్చీలు వదిలి బయటికి వచ్చింది. స్టోర్ కీపర్ గారు కూడా చక్రం పక్కన నిలబడి ఫోటో దిగారు. ఇది తమ దృష్టికి ఎందుకు తెస్తున్నానంటే, అంతా సజావుగా ఉండిన చివరి రోజు అదే కనుక.

3. తిరిగి అప్పగించేటప్పుడు ఇంజనును మళ్ళీ తూకం మీద పెట్టారు. రెండు బస్తాల సిమెంటంత బరువు తగ్గింది. అప్పుడు స్టోర్ కీపర్ గారికీ నాకూ జరిగిన సంభాషణ యథాతథంగా:

"బరువు తగ్గిందమ్మా."

"తగ్గుతుంది సార్. బురదా తుప్పూ పోయాయిగా."

"బురదా తుప్పూ నా దగ్గర రాసి లేవు. ఇంజను అని రాసి ఉంది. ఇంజను తగ్గింది."

"ఏ సామాను లేదో చూపించండి మరి."

"నేనెలా చూపిస్తాను? విప్పింది మీరు. ఏం తీశారో మీరు చెప్పాలి."

మా మావయ్యకు ఇంజన్ల దగ్గర బతికి బతికి చెవులు సరిగా వినబడవు. "ఏమంటున్నాడే?" అన్నాడు.

"తుప్పు తిరిగి ఇమ్మంటున్నారు మావయ్యా!" అని అరిచాను.

"దానికేం భాగ్యం! రోజూ ఇన్ని ఉప్పునీళ్ళు చల్లి వచ్చే ఏడు తూచుకోమను. పోయినదానికంటే ఎక్కువే వస్తుంది."

స్టోర్ కీపర్ గారు నవ్వలేదు. కొద్ది రోజులకే, ప్రభుత్వ లోహాన్ని మాయం చేసినందుకు తమపై కేసు ఎందుకు పెట్టరాదో తెలుపవలసిందిగా మావయ్యకు నోటీసు వచ్చింది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి రెండుసార్లు చదివాడు. "లోహం అని రాశాడు చూడు. తుప్పు అని రాయడానికి సిగ్గేసింది కాబోలు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన రేవు వైపు నడవడం మానేశాడు. ఎదురైన వాళ్ళు నోటీసు సంగతి అడుగుతున్నారట.

4. తరువాత ఆ నోటీసు రద్దయిందని కబురొచ్చింది. ఎందుకు రద్దయిందో చెప్పలేదు. అధికారులకు బుద్ధి వచ్చిందనుకున్నాను. క్షమించాలి, అప్పుడు అలాగే అనుకున్నాను. ఇంజనును హాలు ముందు నిలిపారని తెలిసి, నూనె పట్టించి చక్రాన్ని కాస్త తిప్పి వద్దామని వెళ్ళాను.

ఇంజనుకు నెత్తి నుంచి పాదం దాకా వెండి రంగు కొట్టి ఉంది. రుద్దిన ఇత్తడికీ కొట్టారు, నూనె గాజు బుడ్లకూ కొట్టారు, తిరిగే ఇరుసుకూ కొట్టారు. బ్రష్షు పట్టుకున్నవాడి దారికి ఒక ఈగ అడ్డం వచ్చినట్టుంది, దానికీ కొట్టారు. కుంటి మేస్త్రీ అతుకు మీద, దెబ్బలాగా కనబడుతోందని, లప్పం పెట్టి నున్నగా చేశారు. ఒక మనిషి జీవితంలో మిగిలిన ఒకే ఒక్క పనిని గోడకు పడ్డ బొక్కలా పూడ్చేశారు. నూనె పోసే గిన్నెలో టికెట్టు ముక్కలు, నమిలి ఉమ్మిన బబుల్ గమ్. నేను రోజంతా కాలువ పంపుల మురికిలో చేతులు పెట్టే మనిషిని. నాకు సులువుగా రోత పుట్టదు. అక్కడ పుట్టింది.

5. చక్రం తిప్పబోతే తిరగలేదు. గట్టిగా లాగితే లోపల కరకరమంది. కింద పక్కనున్న చిన్న తలుపు బోల్టులు విప్పి చేయి పెట్టాను. తడి ఇసుక. ఇరుసు మునిగేదాకా ఇసుక. అందులో ఒక సిగరెట్ పీక కూడా తగిలింది. అన్నం తినే పళ్ళెంలో ఎవరో చెప్పులు కడిగిపోయినట్టయింది నాకు. ఆ చేత్తోనే స్టోర్ కీపర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"నేనే పోయించానమ్మా," అన్నారాయన, దాచకుండా. "ఆడిట్‌వాళ్ళు వచ్చేలోపు తూకం సరిపెట్టాలిగా. తూకం మీదే పెట్టించి, పారతో కొంచెం కొంచెం పోయించాను. ముల్లు మొదట రాసిన బరువు మీదికి వచ్చిందాకా ఎండలో నిలబడ్డాను, తెలుసా? పెద్దాయన మీద కేసు ఎలా పోయిందనుకున్నారు? నాకు థాంక్స్ చెప్పాలి మీరు."

"రేవు ఇసుక సార్ అది, నిండా ఉప్పు. లోపల బేరింగులున్నాయి, గీకి గీకి కూర్చోబెట్టాం."

"లోపల ఎవరు చూడొచ్చారమ్మా?"

"ఇక తిరగదు సార్ అది."

"తిరగడమెందుకు? చూడ్డానికి పెట్టింది. గడియారం స్తంభం తిరుగుతుందా?"

ఆయన చెడ్డమనిషి కారు. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. నిజంగానే మా మేలు కోరి పోయించారు. అందుకే మరీ వెగటుగా ఉంది. పగబట్టి చేసి ఉంటే తిట్టి ఇంటికి పోయేదాన్ని. ఒక ఇంజనును సరిచేయడమంటే దాని బరువు సరిపెట్టడమే అని మనస్ఫూర్తిగా నమ్మి, ఎండలో నిలబడి, చెమటోడ్చి పాడుచేసిన మనిషిని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. చేయి కడుక్కుని వచ్చేశాను.

6. ఇప్పుడు మా ఇబ్బంది తమకు అర్థమయ్యే ఉంటుంది. ఇసుక ఉంటే ఇంజను చస్తుంది. ఇసుక తీస్తే బరువు తగ్గి మావయ్య మీద కేసు లేస్తుంది. ఈ అర్జీ రాయవద్దని మా అత్తయ్య గట్టిగా చెప్పింది.

"ఇనుముకేమే, ఎక్కడైనా పడుంటుంది. ఈ వయసులో ఈయన స్టేషను బల్ల మీద పడుండగలడా? ఊరుకున్నదాన్ని కెలికి నా సంసారం మీదికి తెస్తావా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. నేను కాగితం పక్కన పెట్టేశాను. మావయ్యే దాన్ని తీసి నా ముందు పెట్టాడు.

"రాయమ్మాయ్. అది అలా ఉంటే నా పళ్ళ మధ్య ఇసుక పడ్డట్టే ఉంది, ముద్ద దిగడం లేదు."

"కేసు పెడితే?" అంది అత్తయ్య.

"పెట్టనీ. వాళ్ళు అడిగేది నాకెలాగూ వినబడదు."

అత్తయ్య లేచి లోపలికి పోయింది. ఆయన పరిహాసమాడుతున్నాడని ఆమెకూ తెలుసు, భయపడుతున్నాడనీ తెలుసు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా: (అ) ఇసుక తీసి, లోపల కడిగి, నూనె పట్టించడానికి మాకు వెంటనే అనుమతి ఇప్పించాలి. ఉప్పు తడి ఇరుసును తినడం ఇప్పటికే మొదలుపెట్టింది, ఫైలు కదిలేదాకా అది ఆగదు. (ఆ) మొదటి తూకంలో బురద, గుల్లలు, తుప్పు కలిసి ఉన్నాయని తమ రికార్డులో ఒక్క వాక్యం రాయించాలి. పీతను రాయకపోయినా అభ్యంతరం లేదు. (ఇ) వెండి రంగును మేమే గీకుతాం, కూలి అడగం. మళ్ళీ కొట్టించకుండా ఉంటే చాలు.

ఇవన్నీ చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకోక, ఒక్కసారి హాలు ముందుకు నడిచి వచ్చి, ఆ చిన్న తలుపులోంచి తమ చేయి లోపలికి పెట్టి చూడవలెను. కడుక్కోవడానికి సబ్బు నేను తెస్తాను.

ఇంతవరకు తమ విధేయురాలు,
పంపుల షాపు మోటారక్క
(అందరూ పిలిచే పేరు ఇదే, ఉత్తరాలు కూడా ఈ పేరుతోనే అందుతాయి)

తా.క. పై సంతకం చేసి కాగితం మడుస్తుండగా తమ హాలు వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, వెల్డింగు ఆయన దిగాడు. ఇంజను తలుపులన్నీ అతికేయమన్నారంట, నువ్వు విప్పిన తలుపులోంచి పిల్లలు ఇసుక తీసి ఆడుకుంటున్నారని. వైర్లు లాగుతున్నాడు."

అది పోత ఇనుము. ఆ మోటు వెల్డింగుకు సిలిండరు దాకా పగులుతుంది. ఈసారి కుట్టడానికి కుంటి మేస్త్రీ లేడు.

నేను చెప్పేలోపే మావయ్య స్పానర్ల సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. చెవిటి మనిషికి అది మాత్రం ఎలా వినబడిందో మరి. అత్తయ్య ఆపుతుందనుకున్నాను. ఆమె పాత దుప్పటి ఒకటి తెచ్చి, తుడవడానికి వీలుగా పీలికలు చింపి నా చేతిలో పెట్టింది.

కాబట్టి (అ)లో అడిగిన అనుమతి ఇక పంపనవసరం లేదు. ఈ కాగితం వాచ్‌మన్ చేతికిచ్చి పంపుతున్నాను. ఇది తమకు అందేసరికి ఇసుక సగమైనా నేల మీద ఉంటుంది. దొంగతనం కింద రాస్తారో ఇంకో దాని కింద రాస్తారో తమ ఇష్టం. పోలీసులను పంపదలచుకుంటే మాత్రం కాస్త కండ ఉన్న మనిషిని చూసి పంపండి. మేమిద్దరం లోపల చేతులు పెట్టి ఉన్నంతసేపూ, చక్రం కదలకుండా బయట ఒకరు పట్టుకోవాలి.