మేడమీది గది కొలతలు

మేడ ఇంటి యజమానురాలికి,

మీ ఇంటిపైన అనుమతి లేకుండా గది లేచిందని ఫిర్యాదు అందింది. మావాళ్ళు వీధిలోంచి చూసి పదడుగులని అంచనా వేశారు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేదంటే కూల్చివేస్తాం.

ఇట్లు,
కట్టడాల అనుమతుల అధికారి

తా.క.: ఫిర్యాదులో పేరు లేదు. దస్తూరి మాత్రం ముత్యాల కోవ.

---

అధికారి గారికి నమస్కారం.

గది ఉన్న మాట నిజం. అనుమతి కావాలని తెలియకపోవడం నా తప్పు. మా తమ్ముడు మేస్త్రి. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. "నీ ప్రార్థనకి వంటింటి మూల ఇంకెన్నాళ్ళక్కా?" అని, ముప్పై ఆదివారాలు ఒక్కడే కట్టాడు. పొద్దున్నే అందులో కూర్చుంటే మనసు నిలుస్తుంది. దయచేసి కూల్చకండి.

దేవుడు మీకు ఓర్పునివ్వాలి.

ఇట్లు,
ఆ ఇంటి పెద్దక్క

తా.క.: గది పదడుగులు కాదు, పన్నెండట. తక్కువ చేసి రాస్తే ఊరుకోనంటున్నాడు తమ్ముడు.

---

అమ్మా,

పదడుగులైతే హెచ్చరికతో పోయేది. పన్నెండంటే విచారణ తప్పదు. మీ తమ్ముణ్ణి కాస్త ఊరుకోమనండి.

ఇట్లు,
అధికారి

తా.క.: రెండో ఫిర్యాదు వచ్చింది. 'గోడ నిటారుగా ఉందో లేదో తూకం చూశారా? అసలు మీలో ఎవరికైనా టేపు పట్టడం వచ్చా?' అని. మీ పక్కింటివాళ్ళకి మీమీద ఇంత కక్షేమిటమ్మా?

---

అధికారి గారికి నమస్కారం.

పక్కింటావిణ్ణి అడిగాను. మూడు రోజులుగా మాట్లాడటం లేదు. ఆవిడ కోసం కూడా ప్రార్థించాను. అది తెలిసి ఇంకా మండిపడింది.

మీరు రండి. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను.

ఇట్లు,
పెద్దక్క

తా.క.: కిటికీ మీద సజ్జా అడుగున్నర బయటికి ఉందట. నోటీసులో దాని ఊసే లేదని తమ్ముడు అలిగి అన్నం ముట్టలేదు.

---

అమ్మా,

నిన్న వచ్చి కొలిచాం. సరిహద్దుకీ గోడకీ మధ్య మూడడుగులు వదలాలి. మూడడుగుల అరంగుళం ఉంది. గది నిలుస్తుంది. నెలలోగా ప్లాను గీయించి అనుమతికి పెట్టండి. సజ్జా మాత్రం ఆరంగుళాలు కోయాలి.

ఇట్లు,
అధికారి

తా.క.: నాలుగు మూలలా తూకపు గుండు వేలాడదీసి గోడ నిలువు చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి గోడ చూడలేదు. ఆ మాటే నివేదికలో రాశాను. నకలు జతచేశాను.

---

అధికారి గారికి నమస్కారం.

సజ్జా తమ్ముడే కోశాడు. గీత గీసినట్టుంది.

నివేదిక చదివి ఏడ్చాడు. ఆ తరువాత చెప్పాడు, రెండు ఫిర్యాదులూ వాడివేనని.

"ఏం పనిరా ఇది?" అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా కడుతున్నానక్కా. ఇంటివాళ్ళు రంగు చూస్తారు, గోడ చూడరు. గుండు వేసి చూసేది ఆఫీసువాళ్ళొక్కరే. ఊరికే పిలిస్తే వస్తారా?"

"నా గది పోయుంటే?"

"కొలతకి నిలవని గదిలో నిన్ను కూర్చోబెడతానా?"

తిట్టాలనుకున్నాను. కానీ ఆ ముత్యాల కోవ దస్తూరి దిద్దించింది నేనే. పక్కింటావిడకి వాడిచేత క్షమాపణ చెప్పించాను. మీకు నేను చెప్పుకుంటున్నాను.

ఇట్లు,
మేస్త్రిగారి అక్క

తా.క.: నివేదికని పటం కట్టించాడు. అది చూసి పక్కింటావిడ తనకీ మేడమీద గది కట్టమంది. ఈసారి అనుమతి వచ్చాకే ఇటుక పెట్టాలన్నాను. వాడి మొహం చిన్నబోయింది. "అన్నీ సవ్యంగా ఉంటే చూడ్డానికి ఎవరొస్తారక్కా?"