నీ బొటనవేలు, వాళ్ల బటన్

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ బస్సుకి ఇప్పుడు నేనే కండక్టర్‌ని.

కొత్త టికెట్ మిషన్ వాడటానికి వీలుగా ఉందో లేదో చెప్పమని నిన్న మమ్మల్ని డిపోలో కూర్చోబెట్టారు. టికెట్ బటన్ పక్కనే క్యాన్సిల్ బటన్, అచ్చం నీ పాత మిషన్‌లాగే.

"ఇలా కూర్చుని కాదండి, నందిగామ దాకా బస్సులో నిలబడి టికెట్లు కొట్టి చూడండి" అన్నాను మిషన్ కంపెనీ అతనితో.

బస్సెక్కి, ఒక చేత్తో పైరాడ్ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో కొట్టాడు. జగ్గయ్యపేట దాటకముందే మూడు టికెట్లు క్యాన్సిలయ్యాయి.

"బటన్ బానే ఉందండి, మీ వేలే లావు" అన్నాను. టికెట్లు క్యాన్సిల్ అవుతున్నాయని నీకు మెమో ఇచ్చినప్పుడు పైవాళ్లు అన్న మాటే అది.

అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితంలో "తప్పు వేలిది కాదు, బటన్‌ది" అని రాసి, నా సంతకం పక్కన నీ పేరు కూడా పెట్టాను.

"చనిపోయినాయన పేరెందుకమ్మా, కొట్టెయ్" అన్నారు డిపోలో పైవాళ్లు.

కొట్టేయలేదు.