అమ్మకీ నాకూ ఒకే అంకె

చిట్టీ, నేను గుండ్రాయిలా ఉన్నాను, బెంగపడకు.

గోదాములో బస్తాలెత్తే వాళ్లందరికీ రక్తపరీక్షలు చేశారు. నాకు క్రియాటినిన్ 1.3 ఉందట. "పోయిన నెల మా అమ్మకీ అంతే వచ్చిందండీ, అన్నిటా అమ్మ పోలికే" అని నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. "మీ అమ్మ కూడా నీలా దిట్టంగా ఉంటుందా?" అంది. బక్కపలచని మనిషన్నాను. "అది కండల్లో పుట్టేది. నీ ఒంటికి మామూలే. ఆవిడకీ అంతే ఉందంటే కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయేమో" అంది.

అమ్మకి మోకాళ్ల నొప్పి మాత్రలు ఇంక ఇవ్వకు, అవి కిడ్నీలకి చేటట. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు, కస్సుమన్నా సరే. నీళ్ల మోటారు బాగైందా? బావకి నమస్కారాలు.

ఈ కార్డు చదివి వినిపించమని అమ్మ అడుగుతుంది. మొదటి వాక్యం చదివి ఆపెయ్.

అన్నయ్య