మూడో గుంపులో నీ పేరు

బాలమణక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

మా మానసిక ఆసుపత్రిలో పేషెంట్లను మూడు గుంపులు చేసే పని నర్సుగా నాదే. అనుక్షణం కనిపెట్టుకోవాల్సినవాళ్లు ఒకటి, కొంత సాయం కావాల్సినవాళ్లు రెండు, తమ పనులు తామే చేసుకునేవాళ్లు మూడు. ఆయాలను దాని ప్రకారమే పంచుతారు. నీ స్నానం నువ్వే చేసేదానివి. గట్టిగా ఒక్క మాట అనేదానివి కాదు. పళ్లెం ఎప్పుడూ ఖాళీ చేసేదానివి. మూడు అని రాశాను. నీ అన్నం పక్క మంచం ఆమెకు పెడుతున్నావని, నువ్వు నీరసించి పడిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. రెండు రోజులకే పోయావు.

గొర్రెలను ఎవరికో అప్పజెప్పి కొల్లాపూర్ నుంచి వచ్చిన మీ తమ్ముడు నన్ను అడిగాడు: "సిస్టరమ్మా, మా అక్క ఆకలైనా నోరు తెరిచి అడగదు. గా ముచ్చట మీ కాయిదంల రాసుకోలేదా?"

కాగితం తీసి మళ్లీ చూశాను, నీ పేరు పక్కన మూడు అనే ఉంది.

ఇవాళ నల్గొండ నుంచి ఇరవై ఏళ్ల అమ్మాయిని తెచ్చారు. నీలాగే నెమ్మది. ఒకటి అని రాశాను.

పెద్ద డాక్టరు చూసి, "సప్పుడు చెయ్యని పిల్లకు ఒకటేంది సిస్టర్?" అన్నారు.

"సప్పుడు చెయ్యనందుకే సార్."

"అందరికీ గిట్ల రాస్తే ఆయాలను యాడికెల్లి తేవాలె?" అని కొట్టేసి, మూడు వేశారు. ఆయన మాటా అబద్ధం కాదు.

మధ్యాహ్నం నా భోజనం మానుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నది.

రేపు నాకు సెలవు. అయినా పొద్దున్నే వెళ్తాను. ఎల్లకాలం ఇట్లా వెళ్లలేనని కూడా తెలుసు, అక్కా.