ఎనిమిదో పొర

ఫిబ్రవరి 8, 2026. ఆదివారం

పాపన్న మామ పోయాడు. అమ్మకు సొంత అన్న. పుంగనూరులో రోకలి పాపన్న ఇల్లు అంటే ఆటోవాళ్లకు కూడా తెలుసు. అమ్మ పోయాక ఈ పంతొమ్మిదేళ్లలో ఆ గడప తొక్కనిది నేనొక్కదాన్నే.

ఏడో నెల కడుపుతో చావింటికి పోవడమేంటని అత్తమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. మా ఆయన లోహిత్ పోయి ఫ్రెండు కారు అడిగి తెచ్చాడు. ఈ మనిషిలో నాకు నచ్చేది అదే.

మామను చూశాను. ఎడమ చెయ్యి తెల్లగుడ్డ కింద నుంచి పైకి లేచి ఉంది. మోచెయ్యి మడిచి, వేళ్లు వంచి. చాపబోయి ఇద్దరు ముగ్గురు వదిలేశారు. మామ భార్య మారెమ్మత్త కళ్లు తుడుచుకుంటూనే సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ల వయసులో బస్సు టాపు మీంచి పడి మోచెయ్యి నుజ్జయిందట. ఇక అది కదలదు, ఎట్లా కడితే అట్లాగే ఉండిపోతుంది అని పుత్తూరు కట్టు కట్టేవాళ్లు చెబితే, గిటార్ పట్టుకునేటట్టు కట్టమన్నాడట. అట్లాగే కట్టారు. నలభై ఏళ్లు ఆ చెయ్యి అట్లాగే ఉంది. పాడె మీద కూడా ఏదో పట్టుకుని పోతున్నట్టే ఉంది. పూలు వేసేవాళ్లు అటు చూడకుండా వేశారు.

ఫిబ్రవరి 9

డ్యూటీలో ఎడమ చెయ్యి రెండుసార్లు తిమ్మిరెక్కింది. బీపీ నార్మల్.

ఫిబ్రవరి 11. మధ్యాహ్నం 2, నర్సింగ్ హోం

నా పని గుండె చప్పుళ్లు వినిపించడం. కడుపుతో వచ్చినవాళ్ల పొట్ట మీద డాప్లర్ పెడతాను. లోపల టకటక మొదలవుతుంది, తల్లి ఏడుస్తుంది, నేను టిష్యూ ఇస్తాను. నిమిషానికి నూట నలభై, అటూ ఇటూ. రోజుకు ముప్పై విన్నాక అది నాకు ఫ్యాన్ చప్పుడుతో సమానం. నా పొట్ట మీద మాత్రం నేను పెట్టుకోను. జనవరి స్కాన్‌లో బిడ్డ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పై పెదవి కనపడలేదు. మళ్లీ చేద్దాం రా అని మేడం అంటూనే ఉంది. నేనే తప్పించుకుంటున్నాను.

ఎందుకో రాసి పెడతాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ. నేను చీలిన పెదవితో పుట్టాను. గ్రహణం మొర్రి. 1995 అక్టోబర్‌లో సూర్యగ్రహణం వచ్చినప్పుడు అమ్మ కాన్పు కోసం పుంగనూరులో పుట్టింట్లో ఉంది, ఏడో నెల. కదలకుండా పడుకోవాల్సిన మనిషి తలుపులేసుకుని పాటలు పాడిందట. అన్న గిటార్ వాయించాడట. పక్కింటివాళ్లు విన్నారట. జనవరిలో నేను పుట్టాను. నాన్న వాళ్లమ్మ, మా అవ్వ, నన్ను ఎత్తుకోకముందే తీర్పు చెప్పేసింది. ఐదేళ్లకు ఆపరేషన్ అయింది. అప్పటిదాకా నాకు ప, బ, మ పలకవు. పెదవులు కలవాల్సిన చోట గాలి పోయేది. పాపన్న మామను హాహన్న అనేదాన్ని.

అమ్మ మళ్లీ పాడలేదు. నన్ను నిద్రపుచ్చడానికి కూడా పాడలేదు. నాకు పదకొండేళ్లప్పుడు జ్వరంతో పోయింది. తప్పు తనదేనని నమ్ముతూనే పోయింది. ఆమె గొంతు ఎట్లా ఉండేదో నాకిప్పుడు గుర్తు లేదు, అదే నా బాధ.

పెదవి అతుక్కోవడమో అతుక్కోకపోవడమో రెండో నెలలోనే తేలిపోతుందని నాకు తెలుసు. చదివాను, పరీక్షలో రాశాను. అయినా మార్చి 3న చంద్రగ్రహణం అని క్యాలెండర్‌లో చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదీ నా సంగతి.

ఫిబ్రవరి 18. బుధవారం

మామ దివసాలకు పోయాను. తిరిగి వస్తుంటే మారెమ్మత్త రెండు వస్తువులు చేతిలో పెట్టింది. గిటార్, ఒక స్పూల్ టేపు పెట్టె. పోయే ముందు రోజు మామ చెప్పాడట, మునిలక్ష్మి కూతురికి, అంటే నాకు, ఇవ్వమని.

ఆ గిటార్ నిజంగానే రోకలి. మామ కుర్రతనంలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. డొల్ల గిటార్ మైకు ముందు ఊళ వేస్తోందని డొల్లే లేకుండా చేద్దామనుకున్నాడు. ఇంట్లో ఉన్న చండ్ర రోకలిని నిలువునా చెక్కి, పాత స్పీకరు అయస్కాంతానికి కాలిపోయిన ఫ్యాన్ మోటారు తీగ చుట్టి తీగల కింద బిగించాడు. దంచుకునే రోకలి పోయిందని వాళ్లమ్మ నెల రోజులు తిట్టిందట. తర్వాత టేపు మిషను మీద పడ్డాడు. ఒక వాయింపు ఎక్కించి, అది కాస్త నడిచాక దానిమీద ఇంకొకటి, అదీ నడిచాక దానిమీద ఇంకొకటి. పొరలు అనేవాడు. మిషన్లో చెరిపే భాగం పీకేశాడు కాబట్టి ఎక్కింది ఎక్కినట్టే, తప్పు పడితే చెరపడానికి లేదు. ఒక్కడే ఆరుగురై వాయించేవాడు. మిగతా ఐదుగురు ఎవరంటూ ఆర్కెస్ట్రావాళ్లు ఆ టేపులు పెళ్లిళ్లలో పెట్టనివ్వలేదట.

రికార్డింగ్ మాత్రం గ్రహణం రోజే. ఆరోజు మిల్లు ఆగుతుంది, హోటళ్లు మూస్తారు, గుడిగంట కొట్టరు. ఊరు నోరు మూసుకునేది ఆ కాసేపే అనేవాడట.

పెట్టె మీద మామ చేతిరాత. తేదీ 24-10-95. ఒకటి నుంచి ఐదు దాకా, రోకలి, పాపన్న. ఆరు, గొంతు, మునిలక్ష్మి. అమ్మ గొంతు నా చేతిలో ఉంది.

ఏడు, తాళం, లోపలి మనిషి. ఎనిమిది అని అంకె వేసి పక్కన ఖాళీ.

లోపలి మనిషి ఎవరని అడిగాను. ఆ గదిలో అన్నా చెల్లీ తప్ప ఎవరూ లేరంది మారెమ్మత్త. గొళ్లెం బయట నుంచి పెట్టింది తనేనంది.

ఫిబ్రవరి 19

గిటార్ మంచం మీద పడుకోబెట్టి డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి గది మధ్యలో నిలబడి ఉంది. దేనికీ ఆనుకోలేదు. తను ముట్టుకోలేదని అత్తమ్మ ఒట్టేసింది. గ్రహణం పూట రోకలి నిలబడుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను, పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టడం చూశాను కూడా. ఈరోజు ఏ గ్రహణమూ లేదు.

అత్తమ్మ దాన్ని తిరిగి ఇచ్చేయమంది. నేను కొంచెం పెద్దగానే మాట్లాడాను. తర్వాత సిగ్గేసింది.

ఫిబ్రవరి 22. ఆదివారం

కుప్పం వెళ్లాం. స్పూల్ టేపు ఆడించే మిషను మామ పాత జోడీ గంగులయ్య దగ్గరే ఉంది. బస్టాండు దాటాక చిన్న రేడియో రిపేరు షాపు. డెబ్బై దాటిన మనిషి. నన్ను చూడగానే మొహం కాదు, పెదవి చూశాడు. చూసి తల దించుకున్నాడు.

మిషను రెండు స్పీడుల్లో తిరుగుతుందట. వేగంగా తిప్పే చక్రం అరిగిపోయి ఇప్పుడు నెమ్మదిది మాత్రమే పనిచేస్తోంది. ఈ టేపు వేగంగా తిప్పాల్సిందని, చక్రం చేయించాక రమ్మనీ చెప్పాడు. నేను ఆగలేకపోయాను. ఎట్లా వస్తే అట్లా వినిపించమన్నాను.

తప్పు చేశాను. గిటార్ బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. పొరకూ పొరకూ మధ్య మామ అంకె చెప్పాడు, సాగదీసిన ఎద్దు గొంతుతో. ఆరో పొరలో అమ్మ రావాలి. ఒక మగమనిషి మూలిగినట్టు వచ్చింది. దాన్ని అమ్మ అనుకోవడానికి ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు.

ఏడో పొరలో ఒక దెబ్బ. దబ్, దబ్. ఎవరో తలుపు తడుతున్నట్టు, కానీ ఆపకుండా. లెక్కపెట్టడం అలవాటు కాబట్టి గడియారం చూశాను. నిమిషానికి డెబ్బై రెండు. నా మణికట్టు పట్టుకున్నాను. నాదీ డెబ్బై రెండే. రెండూ ఒకేసారి పడుతున్నాయి.

గంగులయ్య మిషను ఆపాడు. నాది ఆగలేదు, అంతవరకు సంతోషం.

ఫిబ్రవరి 27. శుక్రవారం, ఉదయం 11

స్కాన్. బిడ్డ చెయ్యి తీసింది. పై పెదవి మీద ఎడమవైపు సన్నటి నల్ల గీత. నాకున్న చోటే.

అదే రోజు, సాయంత్రం

లోహిత్‌కు చెప్పాను. కారు పక్కకు ఆపాడు. తర్వాత నా మచ్చ మీద వేలు పెట్టి, ఇంత అందంగా కుట్టే డాక్టర్లు ఇప్పుడు ఇంకా బాగా కుడతారన్నాడు. ఏడ్చాను. అత్తమ్మకు చెప్పలేదు.

భయం పోయింది. విచిత్రంగా ఉంది. గ్రహణానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, గీత అప్పుడే ఉంది. అంటే అమ్మ పాడిన రోజుకు నా పెదవి ఐదు నెలల ముందే చీలి ఉంది. పుస్తకంలో చదివినప్పుడు ఈ మాట నా ఒంటికి ఎక్కలేదు. ఈరోజు ఎక్కింది.

మార్చి 3. మంగళవారం, పుంగనూరు

వరసగా రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

గంగులయ్య ఫోన్ చేశాడు, చక్రం సిద్ధమైందని. మిషను తీసుకుని పుంగనూరే వస్తానని, ఎనిమిదో పొర ఎక్కించాలంటే ఈరోజే ఎక్కించాలని. లోహిత్ వాళ్లమ్మకు నాకు డ్యూటీ ఉందని చెప్పాడు. అబద్ధం చెప్పేటప్పుడు అతని చెవులు ఎర్రబడతాయి.

ఐదింటికి మామ వెనక గదిలో కూర్చున్నాం. నేను, మారెమ్మత్త, గంగులయ్య. లోహిత్ బయట కారులో. గుడి మూసేశారు. వీధి హోటలు మూసింది. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, ఇప్పుడు ఊరు అంత తేలిగ్గా నోరు మూసుకోదు.

టేపు సరైన స్పీడులో తిరిగింది. మామ గొంతు మనిషి గొంతైంది. ఒకటో పొర. రెండో పొర. ఒక్క రోకలి ఐదు రోకళ్లయింది. ఆరో పొర అన్నాడు.

అమ్మ పాడింది.

మాటలు లేవు, రాగమే. సన్నగా, కాస్త ముక్కుతో. పై స్వరానికి ఎక్కబోయే ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఉంది. ఆ ఊపిరి నాకు తెలుసు. పదకొండేళ్లు దాని పక్కన పడుకున్నాను. రాగం మధ్యలో ఆగి నవ్వింది.

"అన్నా, పాప తంతాండాది."

"తన్ననీమ్మా. తాళం అదే గదా."

ఏదో జరిపిన చప్పుడు. తర్వాత మామ గొంతు, ఏడో పొర, లోపలి మనిషి అని.

దెబ్బ మొదలైంది. ఈసారి డెబ్బై రెండు కాదు. దానికి రెట్టింపు. నూట నలభై నాలుగు. రోజుకు ముప్పైసార్లు వినే చప్పుడు, నిద్రలో లేపినా గుర్తుపట్టే చప్పుడు. లోపల దాక్కున్న మనిషి ఎవరో కాదు. మామ రోకలి కొసను అమ్మ పొట్టకు ఆనించి నన్ను రికార్డు చేశాడు. అమ్మ నా గుండెకు పాడింది.

మారెమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరుంపావు దాటాక చంద్రుడు వచ్చాడు, ఒక పక్క కొరికినట్టు, మిగతాది మురికి ఎరుపు. నేను పెరట్లోకి వెళ్లి మొహమెత్తి నిండుగా చూశాను. గదిలోకి వచ్చి గిటార్ కొస నా పొట్టకు ఆనించుకున్నాను. తప్పు పడితే చెరపడానికి లేదని గంగులయ్య మళ్లీ గుర్తు చేశాడు. మిషను తిరిగింది. ఎనిమిదో పొర అని నేనే చెప్పాను. ప శుభ్రంగా పలికింది.

టేపులో నా గుండె, పొట్టలో బిడ్డ గుండె. మొదట ముందూ వెనకా పడ్డాయి. ఒక నిమిషం తర్వాత కలిసిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు. నేను కదలలేదు. బస్సుల చప్పుడు ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు.

అయ్యాక మారెమ్మత్త పాత అలవాటుగా ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెట్టింది. నిలబడింది. మిషనుకు పోయే తీగ పీకేసి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. పళ్లెంలో నీళ్లు మాత్రం గుండె కొట్టుకుంటున్నట్టు దెబ్బ దెబ్బకూ వణికాయి. ఆరూ నలభై ఏడుకు గ్రహణం విడిచింది. అప్పుడు రోకలి పడిపోవాలి. పడలేదు.

మేము బయలుదేరేటప్పటికి ఇంకా నిలబడే ఉంది.

మార్చి 4

అత్తమ్మకు తెలిసిపోయింది. ఎవరు చెప్పారో అడగలేదు, పుంగనూరెంత దూరం. యాడికి పోయినావు గ్రహణం పూట అని మొదలుపెట్టింది. నేను స్కాన్ ఫిల్మ్ తెచ్చి లైటుకు ఎత్తి పట్టుకున్నాను. గీత చూపించాను. తర్వాత మూలన ఉన్న తేదీ చూపించాను. ఫిబ్రవరి 27.

"గ్రహణానికి నాలుగు రోజుల ముందరిది అత్తమ్మా. నా తప్పు లేదు. మా అమ్మ తప్పూ లేదు."

అరుస్తుందనుకున్నాను. కళ్లద్దాలు తెచ్చుకుని ఆ తేదీని రెండుసార్లు చదివింది. తర్వాత నా పెదవి వైపు చూసింది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె అటు తిన్నగా చూడటం ఇదే మొదలు.

"మీ యమ్మకు ఈ మాట సెప్పేదానికి అప్పుడు ఒక్కరన్నా ల్యాకపాయిరే."

అని వంటింట్లోకి పోయింది. చాలాసేపు నీళ్లు పారుతున్న చప్పుడు. రాత్రి అన్నం పెడుతూ ఆ పాట తనకూ వినిపించమంది.

మార్చి 8. ఆదివారం

గంగులయ్య టేపు మొత్తం కాపీ చేసి వాట్సాప్‌లో పంపాడు. ఎనిమిదో పొర అయిపోయింది. ఫైలు అయిపోలేదు. కాసేపు ఖాళీ. తర్వాత ఒక పిల్ల గొంతు, తొమ్మిదో పొర అంది.

పెదవులు కలవాల్సిన చోటల్లా గాలి పోయింది.

నా చిన్నప్పటి గొంతేమో, మామ ఎప్పుడైనా ఎక్కించాడేమో అని గంగులయ్యకు ఫోన్ చేశాను. ఆ టేపు ఎనిమిది దగ్గరే అయిపోతుందమ్మా అన్నాడు.

ఫోన్ పొట్ట మీద పెట్టి మళ్లీ వేశాను. లోపల నుంచి ఒక్క తన్ను.