వేళ్లకు ఊపిరాడని చేను

అమ్మకు చిన్నది నమస్కరించి రాయునది.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా నాన్న నా పక్కనే ఉంటున్నారు. ఆయన ముందు అనలేని మాట నీకు చెప్పి తీరాలి. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. బావతో చదివించుకోకు, పాపను చూడటానికి వచ్చే నర్సమ్మను అడుగు. అక్క పచ్చి బాలింత, దానికి ఇప్పుడే తెలియనివ్వకు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మొక్కజొన్నకు రెండో దఫా ఎరువు వేశారా అని అడిగావు. వేశారు. చేలో నిలిచిన మడమల లోతు వాననీళ్లలోనే వేశారు. ఆకులు పసుపుపచ్చగా తిరిగేసరికి ఆగలేకపోయారు. అదంతా కొట్టుకుపోయింది. మళ్లీ బస్తా విప్పబోతుంటే అడ్డుపడ్డాను. లోటు ఎరువుది కాదు నాన్నా, నీళ్లలో వేళ్లకు ఊపిరాడటం లేదు, జ్వరం వచ్చిన పిల్ల నోట్లో ముద్ద కుక్కితే ఒంటపడుతుందా అన్నాను.

"మీ బళ్లో చెప్పినవన్నీ చేను వింటుందటే?" అని నవ్వారు. ఆ తర్వాత ఆయన నవ్వగా చూడలేదు.

బాబాయీ నేనూ కలిసి కాలవలు తీశాం. నీళ్లు దిగాక తవ్వి చూస్తే తెల్లటి కొత్త వేళ్లు కనిపించాయి. అప్పుడు మొదళ్ల దగ్గర కొద్దికొద్దిగా ఎరువు వేశాం. పల్లం పోయినట్టే. మెరక కోలుకుంటోంది. ఒక మొక్క పీకి తెచ్చి నాన్నకు చూపించాను. చూసి పక్కన పెట్టేశారు. చేను వైపు రావడమే మానేశారు.

తింటున్నారా అని కూడా అడిగావు. కంచం ముందు కూర్చుని నన్ను తినమంటారు.

ఇక అసలు సంగతి. పగలంతా ఎరువులూ పురుగుమందులూ దాచే కొట్టుగదిలో లోపల గడియ వేసుకుని కూర్చునేవారు. మొన్న నేను పిలిచి పిలిచి ఏడుపు లంకించుకున్నాక తలుపు తీశారు. ఇక నా వల్ల కాదన్నారు. వెంటనే పురుగుమందు డబ్బాలన్నీ బాబాయి ఇంటికి చేర్చాను. గడియ ఊడదీశాను. మర్నాడు నాన్న తలుపు మీది మేకుల చిల్లులు వేలితో తడిమారు. తిడతారనుకున్నాను.

"కొత్తది బిగించకమ్మా. నా మీద నాకే నమ్మకం లేదు. మీ అమ్మకు మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. చెబుతున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మతో మాట్లాడాను. ఇది జబ్బేనట, నయమవుతుందట. పదహారో తేదీన తీసుకురమ్మన్నారు, అంతవరకు ఒంటరిగా వదలొద్దన్నారు. బాబాయీ నేనూ వంతులేసుకుని కనిపెట్టుకుని ఉంటున్నాం. నాన్న వస్తాననీ అనరు, రాననీ అనరు.

అక్కను వదిలి రాలేవని తెలుసు. నర్సమ్మతో ఆయన పేరనే రెండు ముక్కలు రాయించు. పంట ఊసు ఎత్తకు. ఆయన నీకు కావాలని మాత్రం రాయించు. చదివి వినిపించేది నేనే కదా, గొంతు వణకకుండా చూసుకుంటాను. పద్నాలుగో తేదీలోగా అదే డ్రైవరు చేత పంపు.

ఇట్లు,
నీ చిన్నకూతురు