కమాన్ మీద పేరు

వికారాబాద్,
కురుమ గల్లీ,
ఆదివారం పగలు.

అమ్మకు, నీ కొడుకు మల్లేశ్వర్ కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేను, నాగరాణి, రెండు మేకలు, ట్రాలీ ఆటో, అందరం క్షేమం. ఆటోకు మాత్రం వెనక టైరు మార్చాలి. అక్కడ పుణెలో నువ్వు, అక్క, పురిటి పిల్ల, బావ చల్లగా ఉన్నారనుకుంటున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాశాడని అనుకుంటావు. ఫోన్ ఎత్తగానే అక్క స్పీకర్ పెడుతుంది, బావ పక్కన కూర్చుని దగ్గుతుంటాడు. ఇది బావ వినే సంగతి కాదు. నువ్వు ఐదో తరగతి చదివినదానివి, కూడబలుక్కుని నువ్వే చదువుకో. అక్కతో చదివించకు.

బావ దోస్తు చేత పంపిన నీ ఉత్తరం అందింది. కోడలు కౌన్సిలర్ అయ్యాక వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. పొద్దున ఆమె, సాయంత్రం నేను. నా పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆమె అనదు, నీళ్లు రెండు గ్లాసులు ఎక్కువ తాగుతుంది. నీ మాట వింటుందా అని కూడా అడిగావు. వింటుంది. విన్నాక తనకు తోచింది చేస్తుంది. మన గల్లీ మురుగు మోరీ పని మొదలైందా అని ఆఖర్న అడిగావు. దానికి జవాబు కింద రాస్తాను, జర ఓపిక పట్టు.

అమ్మా, ఆ సీటు నాది కావాల్సింది. బీసీ మహిళ అని రిజర్వేషన్ రాకపోతే నేనే నిలబడేవాణ్ని. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి ఏ పనిలోనూ నేను ఏడాది నిలవలేదని నీకు తెలుసు. లారీ క్లీనర్ పని, సెల్‌ఫోన్ షాపు, బండల పాలిషింగ్, ఇప్పుడేమో తాండూరు నుంచి బండలు తెచ్చి ఇక్కడ దించే ట్రాలీ. వార్డు పని ఒక్కటే నాకు కుదిరే పని అనుకున్నాను. ఇంటింటికీ తిరిగి ఓట్లు అడిగింది నేను. పోస్టర్ మీద పెద్ద ఫొటో నాది. గెలిచిన రోజు గులాల్ పడింది నా నెత్తిన. కొత్తలో అందరూ నన్నే కౌన్సిలర్ సాబ్ అన్నారు. గల్లీవాళ్లకు ఏదైనా కాగితం కావాలంటే నాగరాణి సంతకం నేనే గీకి, ఆమె స్టాంపు గుద్ది ఇచ్చేవాణ్ని. స్టాంపు నా చొక్కా జేబులోనే ఉండేది. ఇంకో నాలుగు వార్డుల్లో మొగుళ్లు చేసేదీ అదే కాబట్టి తప్పని తోచలేదు.

అంతలో బడ్జెట్ మీటింగ్ వచ్చింది. వారం ముందే ఇంటికి లావు పుస్తకం పంపారు. నేను రెండు పేజీలు తిప్పి పక్కన పడేశాను. నాగరాణి ఇంటర్ చదివింది కదా, స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క వరుసా చదివింది. మూడు రోజులు అదే పని.

"ఏం దొర్కింది దాంట్ల?" అని ఎగతాళిగా అడిగాను.

"మన గల్లీ దొర్కలే. గందుకే ఇంక సూస్తున్న" అంది.

మీటింగ్ రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచాను. తలుపు దగ్గర అటెండర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సభ్యులొక్కళ్లే లోపలికి" అన్నాడు. నాగరాణి పుస్తకం పట్టుకుని నా పక్కనుంచి లోపలికి పోయింది. బయట బెంచీ మీద మేం ఐదుగురు మొగుళ్లం మిగిలాం. పక్క వార్డు కౌన్సిలర్ రుక్కమ్మ మొగుడు జంగప్ప మిర్చీలు తెచ్చాడు. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"మల్లేశ్, గా గొంతు నీ ఇంటామెదే గదా?" అన్నాడు జంగప్ప.

"ఔ."

"ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తదా?"

"మిర్చి తిను జంగన్నా, సల్లారిపోతది."

లోపల ఆమె అంటోంది: "సార్, మోరీల పైసలు అన్ని వార్డులకు సమానంగ పెట్టిన్రు. నీళ్లు సమానంగ పోతయా సార్? ఎత్తు మీదున్న మూడు వార్డుల నీళ్లు మా కురుమ గల్లీలకే దిగుతయి. పైసలేమో అందరికి పంచిన్రు, నీళ్లన్ని మాకే ఇచ్చిన్రు."

లోపల నవ్వారు. తర్వాత చాలాసేపు లెక్కలు మాట్లాడారు. చివరికి మన గల్లీ మోరీ వెడల్పు చేసి, పైన బండలు కప్పడానికి పద్దెనిమిది లక్షలు రాశారు. చప్పట్లు కొట్టారు. బెంచీ మీద నలుగురు మొగుళ్లూ కొట్టారు. నా చేతిలో మిర్చి ఉంది. నేను కొట్టలేదు.

ఆ రోజు నుంచి నాకు ఇంట్లో ఊపిరాడలేదు అమ్మా. గేటు దగ్గర ఎవరు కేక వేసినా "అక్కా" అనే. నేను బయటికొస్తే నా భుజం మీదుగా లోపలికి చూస్తారు. ఒక రోజు దేవమ్మ అత్త వచ్చింది. పోయినేడు వానకు మోరీ పొంగి జొన్నల సంచులు తడిసి, ఐదు రోజులు మనింట్లో పడుకుందే, ఆమే. నేను కుర్చీలో కూర్చున్నాను. "జర లెవ్వు కొడుకా, మెంబరమ్మను కూసోనియ్యి. నువ్వు పోయి ఛాయ్ వెట్టు" అంది. లేచాను. ఛాయ్ పెట్టాను. చక్కెర కావాలనే వేయలేదు.

తాండూరులో బండలు ఎక్కిస్తుంటే సుధాకర్ కలిశాడు. చిన్నచిన్న కాంట్రాక్టులు పట్టే మనిషి. "ఏం మల్లేశ్వర్, ఇగ నీ పని ఛాయ్ మోసుడేనా?" అని నవ్వాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మోరీ మీద ఎవని పేరన్న రాస్తరా? కమాన్ మీద రాస్తరు. గల్లీ మొగదల పెద్ద ద్వారం లెక్క నల్లరాతి కమాన్ పెట్టియ్యి. పైన మీ ఇంటామె పేరు, కింద నీ పేరు. బస్సుల పోయెటోళ్లు గూడ సదువుతరు."

"నా పేరెట్ల రాస్తరన్నా?"

"గెలిపిచ్చినోడివి నువ్వేనాయె. జర ఆమెతోని ఒక ఉత్తరం రాపియ్యి, సాలు."

ఆమెతో రాయించలేదు అమ్మా. ఇదే నీకు చెప్పలేక ఇంతసేపు తిప్పిన మాట. ఆమె లెటర్‌ప్యాడ్ మీద నేనే రాశాను. మా వార్డుకు మోరీ ఇప్పుడు అవసరం లేదు, ఆ పైసలతో గల్లీ మొదట్లో కమాన్ కట్టమని. ఆమె సంతకం గీశాను. స్టాంపు గుద్దాను. ఆ వారం ఆమె కౌన్సిలర్ల శిక్షణకు హైదరాబాద్ పోయింది. సభ్యురాలే అడిగిందని మీటింగ్‌లో మార్పు ఒప్పుకున్నారు. ఆ రోజు నేను ఖుషీగా రెండు ట్రిప్పులు ఎక్కువ కొట్టాను. సందులో నిలబడి కమాన్ ఎంత ఎత్తు వస్తుందో చేత్తో కొలుచుకున్నాను.

పోయిన బుధవారం దేవమ్మను వెంటబెట్టుకుని నాగరాణి ఆఫీసుకు పోయింది, వానలకు ముందే మోరీ మొదలుపెట్టమని అడగడానికి. ట్రాలీలో తీసుకుపోయింది నేనే. ఇంజినీరు ఫైలు తీసి ఉత్తరం ఆమె ముందు పెట్టాడు. "మీరే కదా మేడమ్ వద్దన్నారు?" అన్నాడు.

ఆమె ఉత్తరం చదివింది. మళ్లీ పైనుంచి చదివింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ట్రిప్పు మధ్యలో బండి ఆగిపోతే నేను ఇంజన్ వైపు చూస్తానే, అట్లా చూసింది.

"సంతకం మీదేనా మేడమ్?"

"నాదే సార్" అంది.

దేవమ్మ అక్కడే గొంతెత్తింది. "అయ్యో మెంబరమ్మా! వానొస్తే నీ కమాన్ కింద పండుకోవాల్నా మేము? గిందుకేనా నీకు ఓట్లేసింది?" ఆమె ట్రాలీ ఎక్కలేదు. కర్ర పొడుచుకుంటూ ఎండలో నడిచి పోయింది. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. నీళ్ల ట్యాంకు దగ్గర ఆడవాళ్లు నాగరాణి బిందెను పక్కకు జరిపారట.

ఇంటికొచ్చాక తిడుతుందని చూశాను. చెయ్యి చాపి, "స్టాంపు ఇయ్యి" అంది. ఇచ్చాను. అంతే. నాలుగు రోజులైంది. అన్నం పెడుతుంది, పిలిస్తే పలుకుతుంది, ఆ సంగతి మాత్రం ఎత్తదు.

ఒకటి చెబితే నువ్వు నన్ను చీదరించుకుంటావు. ఆమె "నాదే" అన్నప్పుడు నాకు మొదట సిగ్గు రాలేదు. కుళ్లు వచ్చింది. నన్ను కాపాడి, అందులోనూ నాకంటే పెద్దదైపోయిందే అనిపించింది. సిగ్గు ఆ రాత్రి పడుకున్నాక వచ్చింది.

మొన్న ఒక్కణ్ణే ఇంజినీరు దగ్గరికి పోయాను. మోరీ పైసలు మళ్లీ మోరీకే రావాలంటే దారేమిటని అడిగాను. "కౌన్సిల్ ఒప్పుకున్న మార్పు. గురువారం టెండర్. ఆ ఉత్తరం ఆమెది కాదని తేలితే తప్ప ఏమీ చేయలేం" అన్నాడు. ఆ మాట అంటూ నా మొహం వైపే చూశాడు. ఆయనకు తెలుసనుకుంటాను.

ఆ ఉత్తరం నేను రాశానని, సంతకం నాదని, నా భార్య నన్ను కాపాడడానికే తనదని అన్నదని ఒక కాగితం రాశాను. రేపు పదకొండు గంటలకు కమిషనర్‌కు ఇస్తాను. కేసు అవుతుందో, హెచ్చరించి వదిలేస్తారో తెలియదు. జంగన్నకు చెబితే తల కొట్టుకున్నాడు. "పాగల్‌గానివారా నువ్వు? ఆమె మీదేసుకున్నంక మళ్ల నువ్వెందుకు మునుగుతవు? ఇగ మమ్మల్నందర్ని గూడ అడుగుతరు, ఎవని సంతకం ఎవడు వెట్టిండని" అన్నాడు. నాగరాణికి ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటుంది. నేను తేలిగ్గా వినేస్తాను, అదే భయం. ఇప్పుడు కూడా ఆమె ఇంట్లో లేదు, ఇంటింటికీ పోయి తిట్లు తింటోంది.

బుద్ధి వచ్చిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు, కానీ అది అబద్ధమవుతుంది. రేపు నేను ఆ గదిలో నిలబడితే గల్లీ నాగరాణిని నెత్తిన పెట్టుకుంటుంది. మొగుడి తప్పును మీదేసుకున్న మనిషని పేరొస్తుంది. నన్ను చూసి బెంచీ మీద మొగుళ్లు కూడా నవ్వుతారు. అది తలచుకుంటే ఈ కాగితం చించేయాలని పొద్దుటి నుంచి నాలుగుసార్లు అనిపించింది. నాలుగోసారి సగం మడత దాకా చింపాను కూడా. మళ్లీ తెల్లకాగితం తీసుకుని మొదటి నుంచి రాశాను. అందుకే నా మీద నాకు నమ్మకం లేక నీకు రాస్తున్నాను. ఇప్పుడే పోయి ఈ కవరు డబ్బాలో వేస్తాను. ఇది నీకు చేరుతుందని తెలిశాక రేపు నేను తాండూరు వైపు బండి తిప్పలేను.

కేసు అయినా నువ్వు రైలెక్కి రావద్దు. పచ్చి బాలింతను వదిలేసి వస్తే అక్క నన్ను బతకనివ్వదు. బావ అడిగితే టైరు సంగతి రాశాడని చెప్పు.

ఇట్లు,
ఈ ఒక్క కాగితం మీదైనా తన పేరే రాసుకున్న
నీ కొడుకు
మల్లేశ్వర్